కుషిమోతో తీరంలోని ఎర్తురుల్ ఓడ స్మారకం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ స్మారకం ఎక్కడ ఉంది? ఎవరి కోసం కట్టారు?

జపాన్‌లోని వాకయామా జిల్లాలో, ప్రధాన ద్వీపం హోన్షూ దక్షిణపు కొసన కుషిమోతో అనే చిన్న పట్టణం ఉంది. దాని ఎదురుగా సముద్రంలో ఓషిమా దీవి, ఆ దీవి తూర్పు చివర కషినో గ్రామం, ఆ గ్రామం దాటాక కొండగట్టు మీద కషినోజాకి లైట్‌హౌస్ ఉన్నాయి. లైట్‌హౌస్‌కు వెళ్లే కాలిబాట పక్కనే, సముద్రం కనిపించేటట్టుగా ఈ స్మారకం నిలబడి ఉంటుంది. 1890 సెప్టెంబరు 16 రాత్రి ఆ గట్టు కింది రాళ్లకు కొట్టుకుని బద్దలైన ఒట్టోమన్ యుద్ధనౌక ఎర్తురుల్‌లో ప్రాణాలు పోగొట్టుకున్న నావికుల కోసం దాన్ని కట్టారు. దీన్ని స్మారకం అనడం వాడుకే గానీ, ముందుగా ఇది శ్మశానం. కెరటాలు ఒడ్డుకు చేర్చిన దేహాలను గ్రామస్థులు మోసుకొచ్చి పాతిపెట్టిన చోటనే తరువాతి కట్టడాలన్నీ లేచాయి.

ఓడ పేరును ఎలా పలకాలి?

తుర్కీ లిపిలో చూసి చాలామంది ఎర్తుగ్రుల్ అని రాస్తారు. ఆ భాషలో మధ్యనున్న ‘గ’ దాదాపు పలకదు కాబట్టి ఎర్తురుల్ అనడం అసలు ఉచ్చారణకు దగ్గర. ఒట్టోమన్ వంశ స్థాపకుడు మొదటి ఉస్మాన్ తండ్రి పేరు అది.

తుర్కుల యుద్ధనౌక అంత దూరం ఎందుకు వెళ్లింది?

1887లో జపాన్ రాజవంశానికి చెందిన కొమాత్సు అకిహితో ఇస్తాంబుల్‌కు వచ్చి సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్‌ను కలిశారు. ఆ రాకకు బదులుగా తమ నుంచి కూడా ఒక బృందం వెళ్లాలని సుల్తాన్ నిర్ణయించారు. చక్రవర్తి మెయిజీకి పతకాలు, కానుకలు అందించడం పైకి చెప్పిన పని. నౌకాదళ పాఠశాల నుంచి కొత్తగా వచ్చిన కుర్ర అధికారులకు సముద్రయానం అలవాటు చేయడం రెండో పని. దారిలోని రేవుల్లో ఉన్న ముస్లిం ప్రజలకు ఖలీఫా, అంటే ముస్లింల మతాధిపతి అనే హోదా కూడా ఉన్న సుల్తాన్ జెండాను కళ్లారా చూపించడం మూడోది, బహుశా సుల్తాన్ మనసుకు అన్నిటికన్నా దగ్గరిది. యూరప్ రాజ్యాల ఒత్తిడికి తన రాజ్యం అంచుల నుంచి తరిగిపోతున్న కాలంలో, ఆసియాలో తన మాటకు విలువ ఉందని చూపించుకోవలసిన అవసరం ఆయనకు ఉంది.

ఆ పనికి ఎంచుకున్న ఓడ మాత్రం అందుకు తగినది కాదు. ఎర్తురుల్ 1863లో జలప్రవేశం చేసిన చెక్క ఓడ. పొడవు సుమారు 79 మీటర్లు. తెరచాపలతో పాటు ఆవిరి యంత్రం కూడా ఉండేది. చాలా ఏళ్లుగా రేవు కదలకుండా పడి ఉన్న ఆ ఓడకు బయలుదేరే ముందు చెక్క భాగాలు మార్చి బాగుచేశారు గానీ యంత్రాన్నీ బాయిలర్లనూ అదే శ్రద్ధతో చూడలేదు.

ప్రయాణానికి ఎంత కాలం పట్టింది? దారిలో మన దేశానికి వచ్చిందా?

1889 జూలై 14న ఇస్తాంబుల్ నుంచి బయలుదేరిన ఓడ 1890 జూన్ 7న యొకొహామా చేరింది. అంటే దాదాపు 11 నెలలు. సూయెజ్ కాలువ దగ్గరే అడుగు నేలకు తగిలి దెబ్బతింది, అక్కడ మరమ్మతులకే వారాలు గడిచాయి. అక్టోబరులో బొంబాయి రేవులో ఆగినప్పుడు, సుల్తాన్ ఓడ వచ్చిందని విని నగరంలోని ముస్లింలు గుంపులు గుంపులుగా చూడటానికి వచ్చారు. అక్కడి నుంచి కొలంబో, ఆ తరువాత సింగపూర్. సింగపూర్‌లో నాలుగు నెలలు నిలిచిపోయింది. మరమ్మతులు ఒకవైపు, బొగ్గుకు డబ్బు చాలకపోవడం మరొకవైపు. బృందానికి నాయకుడైన ఉస్మాన్ బేకు రియర్ అడ్మిరల్ హోదా లభించింది కూడా ఈ దారిలోనే. అప్పటి నుంచి ఆయన్ను ఉస్మాన్ పాషా అంటారు. ఆ తరువాత సైగాన్, హాంకాంగ్, నాగసాకి, కోబే రేవుల మీదుగా యొకొహామాకు చేరుకున్నారు.

జపాన్‌లో వారికి గౌరవానికి లోటు జరగలేదు. చక్రవర్తి దర్శనం అయింది, కానుకలు అందాయి. ఆ వేసవిలో ఓడలో కలరా వ్యాపించి కొందరు నావికులు చనిపోవడంతో తిరుగు ప్రయాణం సెప్టెంబరు దాకా వాయిదా పడింది. ఎండాకాలంలో బయలుదేరి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. సెప్టెంబరు మాత్రం ఆ తీరంలో తుఫానుల నెల.

ప్రమాదానికి కారణం తుఫానా, ఓడ పాతదనమా, కెప్టెన్ల నిర్ణయమా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని నమ్మకపోవడం మంచిది. ఓడ పరిస్థితి చూసి, మరమ్మతులు చేయించుకుని వాతావరణం కుదుటపడ్డాకే కదలమని జపాన్ అధికారులు సలహా ఇచ్చారు. కాని ఇస్తాంబుల్ నుంచి వెనక్కి రమ్మని ఆదేశం ఉంది, చేతిలో డబ్బు లేదు, కలరాతో నెలలు పోయాయి. ఉస్మాన్ పాషా సెప్టెంబరు 15న లంగరు ఎత్తించారు. మరుసటి రోజుకు కీయి ద్వీపకల్పం దగ్గర తుఫాను గాలి ఎదురైంది. తెరచాపలు పనికిరాకుండా పోయాక ఓడకు మిగిలింది బలహీనమైన యంత్రం ఒక్కటే, అది గాలికి ఎదురు నిలవలేకపోయింది.

కషినోజాకి గట్టు కింద ఫునగోరా అని పిలిచే రాళ్ల వరుస ఉంది. నీటి పైకి కొంత, నీటి కింద మరింత పరచుకున్న రాళ్లవి. కురోషియో అనే వేడి ప్రవాహం కూడా ఆ తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. గాలి ఓడను ఆ రాళ్ల మీదికి తోసింది. చెక్క పగిలి సముద్రపు నీరు లోపలికి దూసుకొచ్చి కాగుతున్న బాయిలర్లను తాకడంతో అవి పేలిపోయాయి. ఉస్మాన్ పాషాతో సహా ఓడలోని ఎక్కువమంది ఆ రాత్రే పోయారు.

లైట్‌హౌస్ ఉండగా ప్రమాదం ఎలా జరిగింది?

దీపం దారి చూపిస్తుంది గానీ గాలిని ఆపదు. అయినా ఆ లైట్‌హౌస్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1866లో పాశ్చాత్య దేశాలతో కుదిరిన సుంకాల ఒప్పందంలో భాగంగా జపాన్ తన తీరంలో ఎనిమిది లైట్‌హౌస్‌లు కట్టడానికి ఒప్పుకోవలసి వచ్చింది. వాటిలో కషినోజాకి ఒకటి. స్కాట్లండ్ ఇంజినీరు రిచర్డ్ హెన్రీ బ్రంటన్ కట్టించగా 1870లో వెలిగింది. జపాన్‌లో ఇంకా నిలిచి ఉన్న రాతి లైట్‌హౌస్‌లలో అన్నిటికన్నా పాతది ఇదే. అది ఆ రాత్రి ఓడను కాపాడలేకపోయింది, మనుషులను మాత్రం కాపాడింది. చీకట్లో ఒడ్డుకు కొట్టుకొచ్చినవారికి కనిపించిన ఒకే ఒక్క గుర్తు ఆ వెలుగే. దాన్ని చూసుకుంటూ కొందరు నిటారుగా ఉన్న కొండగట్టును చేతులతో పట్టుకుని పాకుతూ పైకి వచ్చారు.

లైట్‌హౌస్ కాపలాదారులకు తుర్కీ రాదు, వచ్చినవారికి జపనీస్ రాదు. ఒంటి మీద బట్టలు చిరిగి, నెత్తురు కారుతున్న మనుషులు ఏ దేశంవారో కూడా తెలియదు. అప్పుడు కాపలాదారు అంతర్జాతీయ సంకేతాల పుస్తకం తెచ్చి దీపం దగ్గర తెరిచాడు. అందులో దేశాల జెండాలు బొమ్మలుగా ఉంటాయి. నెలవంక, నక్షత్రం ఉన్న ఎర్రజెండా మీద వచ్చినవాడు వేలు పెట్టాడు.

గ్రామస్థులు ఏం చేశారు?

కబురు అందగానే కషినో జనం గట్టు కిందికి దిగారు. ఓషిమా చేపలు పట్టుకుని బతికే దీవి, తుఫాను రోజుల్లో వేటకు వెళ్లలేని దీవి. ఇళ్లలో నిల్వ ఉన్న తిండి కొద్దిపాటిదే. ఉన్న బియ్యం, చిలగడదుంపలు తెచ్చి వండారు, గుడ్ల కోసం పెంచుకుంటున్న కోళ్లను కోశారు, తమ యుకాతా అనే నూలు అంగీలు తొడిగించారు. చలికి బిగుసుకుపోయినవారిని తమ ఒంటి వేడితో కాచి బతికించారని ఆ ఊరు తరతరాలుగా చెప్పుకుంటుంది. మన కోనసీమలోనో దివిసీమలోనో తుఫాను చూసిన కుటుంబాలకు ఈ వివరాలు విడమరచి చెప్పనక్కరలేదు. కట్టుబట్టలతో వచ్చినవాడికి ముందు పొడి బట్ట, తరువాత వేడి మెతుకు.

ఓషిమా గ్రామ పెద్ద ఓకి షూ ఈ సహాయమంతా రోజువారీగా రాసిపెట్టారు. జరిగినది కట్టుకథగా మారిపోకుండా నిలిచిందంటే అందులో ఎక్కువ పాలు ఆ దినచర్యదే.

చికిత్స చేసిన వైద్యుల గురించి చెప్పే కథ నిజమేనా?

నిజమే. ఈ ఉదంతం మొత్తంలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించే కాగితం అదే. గాయపడినవారికి స్థానిక వైద్యులు చికిత్స చేశారు. ఎముకలు విరిగినవి, రాళ్లకు ఒరుసుకుని కోసుకుపోయినవి, కాలినవి, అన్నీ వారే చూశారు. తరువాత మందులకూ చికిత్సకూ అయిన ఖర్చు లెక్క పంపమని అధికారుల నుంచి కబురొస్తే, ఆ వైద్యులు తాము మొదటి నుంచీ డబ్బు ఆశించలేదనీ, కష్టంలో ఉన్నవారి మీద జాలితోనే చేశామనీ, ఇవ్వదలచిన సొమ్మును బాధితులకే అందజేయమనీ జాబు రాశారు. ఆ వైద్యానికి సంబంధించిన కాగితాలు కుషిమోతోలోని మురియోజి ఆలయంలో భద్రంగా ఉన్నాయి.

‘రెండు దేశాల స్నేహం’ అనే మాట ఈ స్మారకం దగ్గర ఉపన్యాసాల్లో లెక్కలేనన్ని సార్లు వినిపిస్తుంది. ఆ రాత్రి గట్టు దిగినవారికి తుర్కీ ఏ దిక్కున ఉందో కూడా తెలిసి ఉండకపోవచ్చు. స్నేహం అనేది ఆ పని తరువాత వచ్చిన పేరు.

ఎంతమంది చనిపోయారు? అంకెలు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు ఉన్నాయి?

బతికినవారు 69 మంది అన్న విషయంలో అందరూ ఏకీభవిస్తారు. చనిపోయినవారి సంఖ్య కుషిమోతో పట్టణం చెప్పే లెక్కలో 587, మరికొన్ని రచనల్లో 533. ఇస్తాంబుల్‌లో ఎక్కినవారు ఎందరు, దారిలో దిగిపోయినవారు, కలరాతో పోయినవారు ఎందరు అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కగట్టడం వల్ల ఈ తేడా వచ్చింది. 500కు పైగా అని రాస్తే తప్పు కాదు.

బతికినవారు ఇళ్లకు ఎలా చేరారు?

మొదట కోబేకు చేర్చి ఆస్పత్రిలో ఉంచారు. కుషిమోతో నుంచి వారిని అక్కడికి తీసుకెళ్లినది వోల్ఫ్ అనే జర్మన్ యుద్ధనౌక. కోలుకున్నాక అక్టోబరులో జపాన్ నౌకాదళానికి చెందిన హియేయ్, కొంగో అనే రెండు నౌకలు వారిని ఎక్కించుకుని బయలుదేరి 1891 జనవరి 2న ఇస్తాంబుల్ చేరాయి.

స్మారకాన్ని ఎవరు, ఎప్పుడు కట్టారు?

ఒకేసారి కట్టినది కాదు. 1891లో, అంటే ప్రమాదం జరిగిన మరుసటి ఏడే, విరాళాలు పోగుచేసి సమాధుల చోట శిలలు నిలిపారు. 1929లో చక్రవర్తి షోవా ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు జూన్ 3న ఇక్కడ ఆగి నివాళి అర్పించారు. ఆ వార్త తుర్కీకి చేరింది. అప్పటికి సుల్తానులూ లేరు, ఒట్టోమన్ రాజ్యమూ లేదు. ఓడను పంపిన ప్రభుత్వాన్ని కూలదోసి ఏర్పడిన గణతంత్రం, ముస్తఫా కెమాల్ అతాతుర్క్ కాలంలో, ఈ సమాధులను తమవిగా స్వీకరించి కొత్త స్మారకం కట్టించడానికి పూనుకుంది. 1937లో అది పూర్తయింది. ఇప్పుడు సందర్శకులకు కనిపించే ఎత్తైన కట్టడం అదే. పాత సమాధుల్లోని అవశేషాలను దాని దగ్గరికి చేర్చారు. రాజ్యం పోయినా దాని మృతులను కాదనకపోవడం చరిత్రలో తరచుగా చూసేది కాదు.

దీనికే ప్రతిరూపం తుర్కీ దక్షిణ తీరంలోని మెర్సిన్ నగరంలో ఉంది. కుషిమోతోకు ఆ నగరంతోనూ, నల్లసముద్ర తీరంలోని యాకకెంట్‌తోనూ సోదర నగర బంధం ఉంది. ఐదేళ్లకోసారి రెండు దేశాల ప్రతినిధులతో పెద్ద సంస్మరణ సభ జరుగుతుంది. మిగతా రోజుల్లో ఓషిమా బడిపిల్లలు చీపుర్లు పట్టుకుని వచ్చి ఆవరణ ఊడ్చి శుభ్రం చేస్తుంటారు.

యమదా తొరాజిరో అనే పేరు ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. ఆయనెవరు?

ప్రమాదం వార్త విని, మృతుల కుటుంబాల కోసం జపాన్‌లో ఊరూరా విరాళాలు పోగుచేసిన యువకుడు. ఆ సొమ్ముతో 1892లో ఇస్తాంబుల్ చేరుకుని, సుల్తాన్‌కు తమ ఇంటి సమురాయ్ కవచం, శిరస్త్రాణం కానుకగా ఇచ్చారు. అవి ఇప్పటికీ తోప్‌కాపీ ప్యాలెస్‌లో ఉన్నాయి. వెళ్లినవాడు వెంటనే తిరిగి రాకుండా అక్కడే ఏళ్ల తరబడి ఉండి, జపాన్ వస్తువుల దుకాణం నడిపి, వచ్చిపోయే జపాన్ వారందరికీ పెద్ద దిక్కయ్యారు.

1985లో తెహరాన్ నుంచి జపాన్ పౌరులను తుర్కీ కాపాడింది ఈ ఋణం తీర్చుకోవడానికేనా?

ఇరాన్, ఇరాక్ యుద్ధకాలంలో, 1985 మార్చి 17న సద్దాం హుస్సేన్ ఒక గడువు ప్రకటించారు. 48 గంటలు దాటాక ఇరాన్ మీద ఎగిరే ఏ విమానాన్నైనా కూల్చివేస్తామన్నది దాని సారాంశం. తెహరాన్‌కు జపాన్ విమానాలు తిరగవు, ఇతర దేశాల విమానాలు తమ పౌరులనే ఎక్కించుకుంటున్నాయి. అప్పుడు ప్రధాని తుర్గుత్ ఓజాల్ ప్రభుత్వం పంపిన రెండు టర్కిష్ ఎయిర్‌లైన్స్ విమానాల్లో 215 మంది జపాన్ పౌరులు మార్చి 19న, గడువు తీరకముందే, బయటపడ్డారు. తెహరాన్‌లో ఉన్న తుర్కీ పౌరుల్లో చాలామంది రోడ్డు దారిన స్వదేశానికి వెళ్లారు.

ఎర్తురుల్ ఋణం అని తుర్కీ దౌత్యవేత్తలు తరువాత చెప్పిన మాట వాస్తవమే. అయితే ఓజాల్‌కు జపాన్ వ్యాపార వర్గాలతో ఉన్న పరిచయం, ఆ దేశంతో పెరుగుతున్న ఆర్థిక సంబంధాలు కూడా అందులో పనిచేశాయి. రెండింటినీ కలిపి చెప్పడమే న్యాయం. అసలు గుర్తుంచుకోవలసింది, ఆ విమానాలు నడిపిన సిబ్బంది ప్రాణాలకు తెగించి వెళ్లారన్నది.

మ్యూజియంలో ఏం చూడవచ్చు? ఓడ శిథిలాలు ఇంకా నీటిలో ఉన్నాయా?

స్మారకానికి సమీపంలోని తుర్కీ స్మారక మ్యూజియం 1974లో తెరిచారు. ఓడ నమూనా, ఫొటోలు, పత్రాలు, సముద్రం నుంచి తీసిన వస్తువులు అక్కడ ఉంటాయి. మేడ మీది నుంచి చూస్తే ఫునగోరా రాళ్లు కనిపిస్తాయి. కెరటం వెనక్కి తగ్గినప్పుడు నల్లగా తేలి, మళ్లీ నురుగు కింద మునిగిపోతుంటాయి. లోపలి వస్తువులను చూసే ముందు ఓ ఐదు నిమిషాలు వాటినే చూడమని నా మనవి.

ఓడ ముక్కలైపోయింది గనుక నీటి కింద ఓడ ఆకారం ఏమీ మిగలలేదు. 2007 నుంచి తుర్కీ పురావస్తు పరిశోధకుడు తుఫాన్ తురాన్లీ నాయకత్వంలో గజ ఈతగాళ్లు ఆ రాళ్ల సందుల్లో వెతికి వేల సంఖ్యలో ముక్కలు వెలికితీశారు. ఫిరంగి గుళ్లు, నాణేలు, సీసాలు, పాత్రల పెంకులు. వాటిలో అందరినీ నిలబెట్టేది రాగి గుండిగ. వందలమందికి ఒకేసారి వండే ఓడ వంటశాలది. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీద పెట్టే గుండిగ ఎంతుంటుందో ఊహించుకుంటే సరిపోతుంది. ఇలాంటి వస్తువును నీటిలోంచి తీయగానే ఆరబెట్టకూడదు. శతాబ్దానికి పైగా లోహంలోకి ఇంకిన ఉప్పు గాలి తగిలితే దాన్ని తినేస్తుంది. అందుకే మంచినీటిలో నానబెట్టి, నీరు మారుస్తూ, ఓపికగా ఉప్పు వదిలించాలి.

పరిశోధకుడి పేరు చూసి ఆశ్చర్యపోయిన తెలుగువారికి ఒక మాట. తుర్కీలో తుఫాన్ అంటే జలప్రళయం. అరబ్బీ, పారసీకాల మీదుగా మనకు వచ్చిన తుఫాను అదే మాట. తుఫానులో మునిగిన ఓడను వెతకడానికి ఆ పేరున్న మనిషే రావడం కాకతాళీయమే.

ఈ తీరంతో భారతీయులకు ఏదైనా సంబంధం ఉందా?

ఎర్తురుల్ బొంబాయిలో ఆగిన సంగతి పైన చెప్పాం. దాని కన్నా బాధాకరమైన సంబంధం మరొకటి ఉంది. దాదాపు నాలుగేళ్ల ముందు, 1886 అక్టోబరు 24న, ఇదే కీయి తీరంలో నార్మంటన్ అనే బ్రిటిష్ సరుకు ఓడ మునిగింది. కెప్టెన్ డ్రేక్, యూరోపియన్ సిబ్బంది పడవలెక్కి బయటపడ్డారు. ఓడలో ఉన్న 25 మంది జపాన్ ప్రయాణికులూ, బాయిలర్ల దగ్గర బొగ్గు వేసే భారతీయ కలాసీలూ మునిగిపోయారు. కోబేలోని బ్రిటిష్ కాన్సులర్ కోర్టు కెప్టెన్‌ను తప్పులేదని వదిలేసింది. జపాన్ అంతటా ఆగ్రహం చెలరేగాక జరిగిన రెండో విచారణలో మూడు నెలల శిక్ష పడింది. ఎర్తురుల్ వచ్చేనాటికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కషినో జనం చేసిన పనిని ఆనాటి జపాన్ పత్రికలూ ప్రజలూ అంతగా నెత్తిన పెట్టుకోవడంలో ఆ జ్ఞాపకానికి కూడా చోటుందని అనుకోవడానికి వీలుంది. నార్మంటన్ చర్చ అంతా జపాన్ ప్రయాణికుల చుట్టూ, విదేశీయులను జపాన్ కోర్టులు విచారించకుండా అడ్డుకున్న అసమాన ఒప్పందాల చుట్టూ తిరిగింది. కలాసీల ప్రస్తావన అందులో ఒక వాక్యం.

అక్కడికి ఎలా వెళ్లాలి? ఏ కాలం మంచిది?

ఒసాకా నుంచి కురోషియో ఎక్స్‌ప్రెస్ రైలు కుషిమోతో దాకా వెళ్తుంది, మూడు గంటలు దాటి పడుతుంది. స్టేషన్ నుంచి కషినో వైపు బస్సు ఉంది గానీ తరచుగా ఉండదు, తిరుగు బస్సు వేళ ముందే చూసుకోవాలి. 1999లో వంతెన వచ్చాక దీవికి పడవ అవసరం పోయింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తుఫాను హెచ్చరికలు చూసుకుని బయలుదేరడం మంచిది. చలికాలంలో వెళ్తే లైట్‌హౌస్ చుట్టూ నర్గిస్ పూలు విరబూసి ఉంటాయి. వాటిని లైట్‌హౌస్ కట్టడానికి వచ్చిన బ్రిటిష్ వాళ్లు నాటారని ఊళ్లో చెబుతారు. సమాధుల ఆవరణలో ఫొటోలు తీసుకోవచ్చు, గట్టిగా మాట్లాడకపోతే చాలు. పూలు తీసుకెళ్లదలచినవారు కుషిమోతోలోనే కొనుక్కోవడం మేలు.